అమ్ముకున్న రొట్టె

1987 మార్చి 2, సోమవారం. టూసాన్.

115 పౌండ్లు.

పొద్దున్నే సోల్‌ని ఒంటి బనీనుతో తూకం మిషను మీద నిలబెట్టాను. రాసి పెట్టుకోకపోతే నన్ను నేనే మోసం చేసుకుంటానని ఈ నోటుబుక్కు కొన్నాను. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక డైరీ ఏమిటని ఎవరూ నవ్వక్కర్లేదు, ఎవరికీ చూపించను.

డాక్టరు అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఊపిరితిత్తిలో గడ్డ తీసెయ్యొచ్చమ్మా. కానీ మీ తమ్ముణ్ణి ఈ ఒంటితో బల్ల ఎక్కిస్తే మళ్ళీ దిగడు. ఏప్రిల్ ఇరవైన తూస్తాను. నూట ఇరవై ఉంటే కోస్తాను. లేకపోతే లేదు."

"కొయ్యకపోతే?" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఐదు పౌండ్లు, ఏడు వారాలు. నా మొహం, ఇదీ ఒక లెక్కేనా! న్యూయార్క్‌లో, బ్రాంక్స్ పేటలో, మా బేకరీ కౌంటర్లో ముప్ఫై ఒక్కేళ్ళు నిలబడ్డదాన్ని నేను. మా పుల్లటి రై రొట్టె రోజూ తిని ఒళ్ళు చెయ్యని మనిషిని ఇంతవరకూ చూళ్ళేదు.

సాయంత్రం వాడి ఫ్రిజ్ తెరిచాను. సూపర్‌మార్కెట్ సంచీలో బేగల్స్, నడుమ చిల్లున్న మా గుండ్రటి రొట్టెలు. ఒకటి చేత్తో నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. బేగల్‌ని మరిగే నీళ్ళలో వేసి తీసి, అప్పుడు కదా పొయ్యిలో పెట్టేది? అప్పుడు కదా పైన పెచ్చు కట్టి, పళ్ళకి పని చెప్పేది? దీనికి ఆవిరి పట్టి వదిలేశారు. పైగా లోపల నీలం పళ్ళు. పిండిలో పళ్ళు! ఛీ. సంచీతో సహా చెత్తబుట్టలో పారేశాను.

"అక్కా, అవి నేను తినేవే" అన్నాడు సోల్ కుర్చీలోంచి.

"అది తిండి కాదురా. నేనొచ్చానుగా, ఇక తిండి తిందువుగాని."

వాడు నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

మార్చి 5, గురువారం

పెద్ద బజారులో ఒక మాంసం రొట్టెల కొట్టు బోర్డు చూశాను: అచ్చమైన న్యూయార్క్ డెలి. బోర్డు నిండా న్యూయార్క్ భవనాలు. లోపల పాస్ట్రామీ మాంసం మిషను మీద కాగితాల్లా కోస్తున్నారు. మా వీధిలో అయితే చేత్తో, వేడివేడిగా, వేలు మందాన కోస్తారు. కోసేవాడు మొదటి ముక్క కత్తి మొన మీద పెట్టి మన నోటికి అందిస్తాడు, బాగుందంటేనే తరవాతి మాట. ఇక్కడి మహాతల్లి నా మొహం కూడా చూళ్ళేదు.

"తెల్ల రొట్టెలోనా, గోధుమ రొట్టెలోనా? మయొనీజ్ వెయ్యనా? చీజ్ వెయ్యనా?"

మాంసం మీద చీజ్! అడగడానికి నోరెలా వచ్చిందో. మా యూదుల ఇళ్ళల్లో పాలదీ మాంసమూ ఒక కంచంలో కలవవు. మా అమ్మ పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు పెట్టిన మనిషి, తెలియక ఒక చెంచా కలిస్తే ఆ చెంచాని మట్టిలో పాతిపెట్టిన మనిషి. నేనేమీ పెద్ద భక్తురాలిని కాను. మా విశ్రాంతి దినమని చూడకుండా శనివారం బస్సెక్కుతాను, దీపం వేస్తాను, ఈ రాతలూ రాస్తాను. కానీ అమ్మ పెట్టిన తిండి కట్టు మాత్రం తప్పలేదు, పంది మాంసం ఇంతవరకూ ముట్టలేదు. దాని మొహాన ఉమ్మెయ్యడం ఒక్కటే తక్కువ, బయటికొచ్చేశాను.

సోల్ రాత్రి అర గ్లాసు పాలు తాగాడు.

మార్చి 9

115. మిషను కింద నేల ఎగుడుదిగుడుగా ఉన్నట్టుంది. జరిపి చూశాను. 115.

మార్చి 14, శనివారం

పక్కింటి డోలరెస్ తన ట్రక్కులో ఊరి చివరికి తీసికెళ్ళింది. అక్కడెవరో మా వాళ్ళు రొట్టెలు చేస్తారని విన్నదట. డోలరెస్ కిహూయిస్ అని పూర్తి పేరు. ఊళ్ళో పాతకాపులు, మెక్సికో మూలం. యాభై ఐదేళ్ళుంటాయి. వాకిట్లో మేరీమాత బొమ్మ, ఇంట్లో పెద్ద రంగుల టీవీ. సోల్ ముప్ఫయ్యేళ్ళు ఈ ఎండల్లో ఉత్తరాలు పంచాడు కదా, ఆ వీధంతా వాడికి చుట్టాలే. ఇదైతే వాడికి తోడబుట్టినట్టు మాట్లాడుతుంది. తోడబుట్టింది నేను.

"యెట్టా గారూ, ఇంతకీ ఆ రొట్టెలో ఏముంటుందండీ?" అంది దారిలో.

"రై పిండి. నిన్నటి పిండి పులుపు. షాజీర గింజలు. పైన పెచ్చు టక్కుమని విరగాలి."

"అంతేనా?"

అంతేనట!

ఆ బేకరీలో రై రొట్టె గోధుమరంగులో ఉంది. రుచి చూస్తే తియ్యగా ఉంది. బెల్లప్పాకం పోసి రంగు తెప్పించారు. "దీన్ని రై అంటారా?" అన్నాను గట్టిగా. ఆ యజమాని, వాడి పేరు రోసెన్ ఏదో, మా వాడే, సిగ్గు శరం లేకుండా అన్నాడు కదా, "ఇక్కడివాళ్ళకి ఇదే నచ్చుతుందమ్మా. మొదట్లో అసలుది చేశాను. పుల్లగా ఉందని తిరిగి తెచ్చిచ్చారు." అసలుది వచ్చీ చెయ్యనివాణ్ణి చూస్తే రాని వాడికంటే ఎక్కువ అసహ్యం వేసింది. డోలరెస్ ఆ తీపి రొట్టె రెండు కొనుక్కుని, ట్రక్కులోనే తుంచుకు తింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మార్చి 19

ఒక హోటల్లో క్నిష్ ఉందన్నారు. బంగాళదుంప కూరిన మా రొట్టె. బస్సులో గంటన్నర. పైన వేడి, లోపల మంచుగడ్డ. డబ్బాలోంచి తీసి వేడి చేశారు, అదీ సగమే. రోత.

మార్చి 20

114½.

మార్చి 27, శుక్రవారం

కోడి పులుసు నేనే చేశాను. ఆరు గంటలు సన్నసెగ మీద. సోల్ రెండు చెంచాలు తాగి గిన్నె పక్కకి జరిపాడు.

"బాగోలేదా?"

"బాగుందక్కా. నాకే ఏదీ రుచి తెలీట్లేదు. అట్టముక్క నమిలినట్టుంటోంది అన్నీ."

"దేనికైనా మనసు పోతోందా? చెప్పు, ఎక్కడున్నా తెస్తాను."

నా మనసు కోసం ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. "మన వీధి రొట్టె అయితే తింటానేమో" అన్నాడు చివరికి.

చూశారా! నేను చెప్తూనే ఉన్నాను. రోగం ఊపిరితిత్తిలో కాదు, ఈ ఊరి తిండిలో ఉంది.

ఏప్రిల్ 1

సోల్ నీరసంగా ఉన్నాడు అంతే. బాగానే ఉన్నాడు.

ఏప్రిల్ 3

మరో డెలి. ఊరగాయ దోసకాయ తియ్యగా ఉంది. దోసకాయలో పంచదార వేసినవాడికి పుట్టగతులుండవు. ఇంకేం రాయను.

ఏప్రిల్ 7, మంగళవారం

ఈ ఊళ్ళో లేదు. లేదంటే లేదు. ఇన్నాళ్ళు ఎందుకు తిరిగానో. బ్రాంక్స్‌కి ఫోన్ చేశాను. మా బేకరీ క్యాషియరు బ్లూమా ఎత్తింది. వెనక రొట్టె కోసే మిషను చప్పుడు. ఏడుపొచ్చింది నాకు, దిగమింగాను.

"బ్లూమా, ఆరు రై రొట్టెలు పోస్టులో పంపు. షాజీర వేసినవి. పొయ్యి పక్కన కాలినవి చూసి ఏరు."

"ఇప్పుడా? ఇప్పుడు పంపమంటావా యెట్టా? ఇక్కడ మేం..."

"ఇప్పుడే! దూరం ఫోను, నీతో వాదించలేను. సోల్ ప్రాణం మీదకొచ్చింది. ఎంత తొందరగా పడితే అంత తొందరగా."

"సరేలే తల్లీ. ఎల్లుండికల్లా పంపుతాను."

దానికి ఎప్పుడూ నసుగుడే.

ఏప్రిల్ 11, శనివారం

నన్ను ఏం చేసినా పాపం లేదు.

సూపర్‌మార్కెట్లో గుడ్లకోసం వెళ్ళాను. ఈస్టర్ చాక్లెట్ కుందేళ్ళ పక్కన, మోకాలెత్తున ఒక చిన్న అర, దాంట్లో నాలుగు మాత్సా పెట్టెలు, పులియని పిండితో అప్పడాల్లా కాల్చే మా పండగ రొట్టె. ఊరికే చూస్తూ నిలబడ్డాను. తరవాత తట్టింది. పెసాహ్! సోమవారం సాయంత్రం పండగ. ఎల్లుండి!

అరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఈ పండగని క్యాలెండరు చూసి తెలుసుకోలేదు నేను. మా వీధిలో నెల ముందు నుంచీ కొట్లలో అరలకి కొత్త కాగితాలు వేస్తారు, కిటికీల్లోంచి పరుపులు దులుపుతారు, మా బేకరీ ముందు చివరి రొట్టెల కోసం కొట్టుకుంటారు. ఇక్కడ ఒక కాక్టస్ చెట్టు చెప్తుందా? పండగ ఎనిమిది రోజులూ ఇంట్లో పులిసిన పిండి రవ్వ కూడా ఉండకూడదు. నేనేం చేశాను? ఆరు రొట్టెలు తెప్పించుకుంటున్నాను. ఆ నసుగుడు అందుకన్నమాట.

ఫోన్ చేశాను. "గురువారమే పంపేశానే. ముందే వచ్చేస్తుంది, తినేస్తారులే అనుకున్నా" అంది బ్లూమా.

115.

ఏప్రిల్ 12

ఇల్లు కడిగాను. పొయ్యి, సొరుగులు, సోల్ కోటు జేబులు. పార్సెల్ రాలేదు. ఆదివారం పోస్టు రాదని ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాలు పంచినవాడు నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఏప్రిల్ 13, సోమవారం

అంతా వరసగా రాస్తాను.

పొద్దున్నే ఇక్కడి యూదుల గుడికి ఫోన్ చేసి వేళలు కనుక్కున్నాను. పులిసినది పదింబావు వరకూ తినొచ్చు. పదకొండూ ఇరవై వరకూ ఇంట్లో ఉండొచ్చు, ఆ లోపల మన మతం కానివాళ్ళకి అమ్మెయ్యొచ్చు. ఆ తరవాత తగలబెట్టాల్సిందే. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నర. పది. పదింబావు.

పదీ నలభైకి పోస్టు బండి వచ్చింది.

పెట్టె నేను విప్పలేదు. సోల్ విప్పాడు. లోపలి నుంచి గోడ పట్టుకుంటూ తనే వచ్చాడు, తనే దారం కోశాడు. వాసన వచ్చింది. నాలుగు రోజులు ప్రయాణం చేసినా మా రొట్టె వాసన మా రొట్టెదే. వాడు ఒకటి చేతిలోకి తీసుకుని పెచ్చు మీద వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"అక్కా, ఒక్క ముక్క పెట్టవే" అన్నాడు.

నేను గడియారం చూశాను.

"వేళ దాటిందిరా."

"ఎంత దాటింది?"

"పాతిక నిమిషాలు."

"పాతిక నిమిషాలకి దేవుడు లేచి కూర్చుంటాడా? ఒక్క అంచు ముక్క. నేను రోగిష్టివాణ్ణి కదా."

"రోగం వస్తే తినడానికి మాత్సా ఉంది, గుడ్లున్నాయి, పులుసుంది. అమ్మ ఉంటే పెట్టేదా?"

వాడు రొట్టె మళ్ళీ పెట్టెలో పెట్టాడు. జాగ్రత్తగా, మిగతావాటి పక్కన.

తగలబెట్టడానికి మనసొప్పలేదు. పెట్టె ఎత్తుకుని పక్కింటికి పరుగెత్తాను.

"డోలరెస్, ఇవి నీకు అమ్ముతున్నాను. ఒక డాలరు ఇవ్వు."

"ఎందుకండీ, మీరు ఊరూరా తిరిగింది వీటికోసమేగా?"

"పండగ. ఎనిమిది రోజులు మా దగ్గర ఉండకూడదు. కాగితం రాస్తాను, సంతకం పెట్టు."

"అంటే ఊరికే దాచమంటారా?"

"దాచడం కాదు. అమ్మడం. దాస్తే చెల్లదు."

"అయితే నిజంగా నావే?"

పెట్టె మీంచి చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. కానీ అమ్మకం నిజం అమ్మకం అయితేనే లెక్క. పదకొండూ ఐదు అవుతోంది. "నీవే. పూర్తి హక్కులతో" అన్నాను. కాగితం మీద కూడా అలాగే రాశాను. డాలరు తీసుకున్నాను. పండగ అయ్యాక కొన్నవాళ్ళు మళ్ళీ అదే డాలరుకి తిరిగి ఇచ్చేస్తారు, మా వీధి చివర కసాయి కొట్టులో ఐరిష్ ఆయన ఏటేటా చేసేది అదే. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇరవై ఒకటో తారీఖు చీకటి పడగానే తెచ్చుకుంటాను.

తూకం ఇరవైన. ఒక్క రోజే కదా తేడా.

సాయంత్రం పండగ బల్ల దగ్గర మేమిద్దరమే. మాత్సా సోల్ గొంతులో పడి దగ్గొచ్చింది. సగం ప్రార్థన నేనొక్కదాన్నే చదివాను.

ఏప్రిల్ 14

115. వాడికి ఆ ముక్క పెట్టనందుకు నాకేమీ బాధ లేదు. నియమం నియమమే. వాడు కూడా ఏమీ అనుకోలేదు. బేస్‌బాల్ ఆట చూస్తానని డోలరెస్ ఇంటికి వెళ్ళాడు, దానికి రంగుల టీవీ ఉందిగా.

ఏప్రిల్ 15, బుధవారం

116!!

రెండుసార్లు తూచాను. మాత్సా బాగా పట్టింది. ఊరికే అన్నారా పెద్దలు దాన్ని మంచి రొట్టె అని. మధ్యాహ్నం వాడు మళ్ళీ ఆటకి వెళ్ళాడు.

ఏప్రిల్ 16, గురువారం

117. మాత్సా పిండితో ఉండలు చేసి పులుసులో వేశాను. వాడు ఒక ఉండ తిని, "కడుపు నిండిపోయిందక్కా" అన్నాడు. ఒక్క ఉండకే నిండిపోయిందంటే ఎంత బలమైన తిండో చూడు. నా చేతివంటని ఇన్నాళ్ళు నేనే తక్కువ చేసుకున్నాను. బ్లూమాకి ఉత్తరం రాశాను, నీ రొట్టెలు లేకుండానే నెగ్గుకొస్తున్నానని.

ఈ డోలరెస్ ఇంట్లోంచి రోజూ బెల్లప్పాకం వాసన. తలనొప్పి.

ఏప్రిల్ 17, గుడ్ ఫ్రైడే

ఇదీ రాస్తాను.

మాత్సా పిండి అయిపోయింది. తేవడానికి బస్సెక్కాను. గుడ్ ఫ్రైడే అని సగం కొట్లు మూసేశారు, గంటలో తిరిగొచ్చాను. సోల్ ఇంట్లో లేడు. డోలరెస్ వంటింటి తలుపు తీసే ఉంది.

వాడు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మెడలో తువ్వాలు కట్టి ఉంది. ముందు లోతు గిన్నె. అందులో ఏదో, దాన్ని ఏమంటారో కూడా అప్పుడు నాకు తెలీదు, గోధుమరంగు ముద్ద, పాకంలో ఓలలాడుతోంది, ఎండుద్రాక్ష, వేరుసెనగపప్పు, దాని మీద కరిగిన చీజ్ తీగలు సాగుతోంది. నా తమ్ముడు వంగి, ఊపిరి తీసుకోకుండా, చెంచా మీద చెంచా లోపలికి తోస్తున్నాడు. గడ్డం మీద పాకం కారుతోంది.

దగ్గరికి వెళ్ళి చూశాను. ముద్దలో షాజీర గింజలు.

"ఇది నా రొట్టె!" అన్నాను. అరిచాను అని రాయాలి.

డోలరెస్ గరిటె పట్టుకుని తిరిగింది. "మీదా?"

"నా రై రొట్టె! దాన్ని బెల్లంలో ముంచుతావా? దాని మీద చీజ్ వేస్తావా? రెండువేల మైళ్ళు వచ్చింది అది! ఇంతకంటే కుక్కకి పెట్టినా బావుండేది!"

"యెట్టా గారూ, మీరే కదా అమ్మారు. కాగితం ఉంది. పూర్తి హక్కులతో అని చదివి వినిపించారు."

"అది ఆచారం! మళ్ళీ తిరిగి ఇవ్వాలని అందరికీ తెలుసు!"

"అందరికీ అంటే?"

"అమ్మినవాళ్ళకి, కొన్నవాళ్ళకి!"

"కొన్నది నేను. నాకెవరూ చెప్పలేదు." దాని ముక్కుపుటాలు అదిరాయి. "దాచమంటారా అని కూడా అడిగాను. కాదు, నీవే అన్నారు. ఎండిన రొట్టె దొరికితే ఈ ఉపవాసాల రోజుల్లో మేం కపిరొటాడా చేసుకుంటాం. మా అమ్మ చేసింది, వాళ్ళమ్మ చేసింది. నేను కుక్కకి పెట్టలేదు. మీ తమ్ముడికి పెట్టాను. మంగళవారం నుంచీ రోజుకి రెండు గిన్నెలు."

మంగళవారం నుంచీ.

116. 117. నా మాత్సా. నా ఉండలు. ఆవిడ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సోల్ మీద పడ్డాను.

"పెసాహ్ పండగలో! పులిసిన రొట్టె! ఏరా, అమ్మ ఇది చూస్తే ఏమయ్యేది?"

వాడు చెంచా కింద పెట్టలేదు. "అక్కా, నాకు రుచి తెలుస్తోంది" అన్నాడు.

"ఏం రుచి? ఈ బురదకి ఏం రుచి?"

"మన రొట్టె రుచి. ఆ పులుపు. ఈ పాకంలో కూడా తెలుస్తోంది. సోమవారం వాసన చూసినప్పటి నుంచీ నోట్లో ఉండిపోయింది. ఇక్కడికొచ్చి డోలరెస్‌ని ఒక ముక్క అడిగాను. ఉత్తది మింగుడు పడలేదు, గట్టిగా ఉంది, గొంతు గీరుకుంది. అప్పుడీవిడ ఇలా నానబెట్టి పెట్టింది." చెంచాలో ఉన్నది నోట్లో పెట్టుకుని మింగాడు. "నువ్వు తిట్టేదేదో తిట్టు. నేను తింటూ వింటాను."

నేను బయటికొచ్చేశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను, ముట్టుకోకుండానే.

అంటే, నేను ఊరంతా తిరిగి ఆ రొట్టె తెచ్చి ఇచ్చినా వాడి గొంతు దిగేది కాదన్నమాట. అది అనుకుని కాసేపు బాగానే ఉంది, నా తప్పు లేదని. కానీ వాడికి గొంతు దిగుతుందో లేదో నేనెప్పుడు చూశాను? పెట్టెలోంచి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, పిల్లాడిలా అడిగాడు. నెలన్నరలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడు. నేను గడియారం చూశాను. ప్రాణం మీదికొస్తే మా ధర్మంలో అన్ని నియమాలూ పక్కకి తప్పుకుంటాయి, ఆ సంగతి నాకు తెలియక కాదు, ప్రతి పసివాడికీ తెలుసు. అమ్మ పేరు చెప్పి నేను గెలవాలనుకున్నాను. ముక్క పెట్టకుండా డాలరు తీసుకున్నాను. తూ! నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

సాయంత్రం తూచాను. 117½.

ఏప్రిల్ 18, శనివారం

డోలరెస్ తలుపు కొట్టాను. సారీ చెప్పడం నాకు రాదు. "ఇంకా ఎన్ని రొట్టెలున్నాయి?" అన్నాను.

"మూడు."

"మూడూ చెయ్యి. చీజ్ ఎక్కువ వెయ్యి."

అది నన్ను ఎగాదిగా చూసి, "వేడిగా ఉన్నప్పుడే బావుంటుంది. మీరు గిన్నె పట్టుకోండి" అంది.

నా చేతుల్తో పట్టుకొచ్చాను. పండగ ఇంట్లోకి మాత్రం తేలేదు. సోల్‌ని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, గడప బయట పెట్టాను. వాడు నవ్వుతూ తిన్నాడు. "గడప ఇవతల దేవుడు చూడడా అక్కా?" "నోర్మూసుకుని తిను" అన్నాను. ఆ పాకం వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాను. మా రొట్టె పెచ్చు మెత్తబడి తోలులా వేలాడుతోంది. దగ్గరుండి రెండు గిన్నెలూ తినిపించాను.

118½.

ఏప్రిల్ 19

మూడు గిన్నెలు. మూడోది నేనే బలవంతం చేశాను. 119½. డోలరెస్ ఈస్టర్ ప్రార్థనకి వెళ్ళే ముందు తట్ట పొయ్యిలో పెట్టి, ఎప్పుడు దించాలో నాకు చెప్పి వెళ్ళింది. దించాను. నా వేలికి చీజ్ అంటుకుంది.

ఏప్రిల్ 20, సోమవారం

ఆస్పత్రిలో 120. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది. నర్సు చొక్కా విప్పమంటే ఎందుకని అడ్డుపడ్డాను. చొక్కా విప్పాక కూడా 120.

డాక్టరు అడిగాడు, "ఏం పెట్టారమ్మా?"

"ఏదో చెత్త" అన్నాను.

ఇరవై ఎనిమిదిన కోస్తారు.

ఏప్రిల్ 21

చీకటి పడింది, పండగ అయిపోయింది. తెచ్చుకోవడానికి రొట్టెల్లేవు. సూపర్‌మార్కెట్ రొట్టె కొన్నాను. దూది. తిన్నాను.

ఏప్రిల్ 28, మంగళవారం. ఆస్పత్రి.

డోలరెస్ ట్రక్కులో ఆరింటికే తెచ్చి దింపింది. దానికి పని ఉంది, మధ్యాహ్నం వస్తానంది.

సోల్‌ని పడుకోబెట్టి చేతికి సూది గుచ్చారు. నీలం టోపీ పెట్టారు. వాడికి టోపీ ఏదీ నప్పదు. నేను దుప్పటి సర్దుతున్నాను.

"అక్కా" అన్నాడు. "ఆకలేస్తోందే."

నేను వినలేదనుకుని మళ్ళీ అన్నాడు. "నిజంగా. కడుపు మండిపోతోంది. ఏదైనా ఉందా?"

రెండు నెలలు ఆ ఒక్క మాట కోసం ఈ దిక్కుమాలిన ఊళ్ళో నేను తొక్కని గడప లేదు. ఎన్ని బస్సులు, ఎంత ఎండ. వాడు అన్నాడు. నేను నర్సు వైపు చూశాను. "రాత్రి నుంచీ ఏమీ పెట్టకూడదమ్మా, చుక్క నీళ్ళు కూడా" అంది.

"వేళ కాలేదురా" అన్నాను.

వాడు నా మొహం చూసి పకపకా నవ్వాడు. "ఇంకో పాతిక నిమిషాలా?" అన్నాడు. ఏడ్చేశాను. వాడు సూది లేని చేత్తో నా చెయ్యి పట్టుకుని, "వచ్చాక పెడుదువుగాని లేవే" అన్నాడు. చక్రాల బల్ల తోసుకుపోయారు.

"ఏం కావాలి? ఏం చెయ్యమంటావు?" అని వెనకాల అరిచాను. తలుపులు మూసుకున్నాయి.

కింద క్యాంటీన్ ఉంది. వెళ్ళాను. అద్దాల పెట్టెలో అన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కటీ తిండి కాదు. నీలం పళ్ళ బేగల్ రెండు తీసుకున్నాను, చల్లగా, మెత్తగా, ఛీ. తీపి రై రొట్టెలో పెట్టిన కోడి మాంసం, దాని మీద చీజ్, అదీ తీసుకున్నాను. ఆకుపచ్చ జెల్లీ ఒక గ్లాసు. పాలల్లో ఉడికించిన అన్నం. తియ్య దోసకాయలు. పైన పంచదార గడ్డకట్టిన బన్ను ఒకటి. కౌంటర్ దగ్గర పెద్దావిడ, "ఇదంతా ఎంతమందికండీ?" అంది. "ఒక్కడికి. ఏది అడుగుతాడో తెలీదు" అన్నాను. వేడి పెట్టెలో సాసేజ్ పెట్టిన రొట్టెలున్నాయి. ఒకటి అది కూడా కట్టమన్నాను.

ఏ మాంసమో నేను అడగలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని తలుపు ఎదురుగా కూర్చున్నాను.